తల్లిపలక: కంప్యూటరును మన చేతులతో కూర్చుకొనే విధానం

2023వ సంవత్సరం జనవరి నెలలో, మిచిగన్ రాష్ట్రమంతటా మోకాటిలోతు మంచు పేరుకొని ఉన్న ఒక శనివారం ఉదయం, మా ఇంటి కంప్యూటరు మీట నొక్కితే పలకలేదు. దీపం వెలగలేదు, ఫ్యాను తిరగలేదు. పెట్టె మూత తీసి చూడగా ప్రోసెసరు ప్రక్కన ఒక చిన్న భాగం కమిలి నల్లబడి ఉంది. కాలిన వాసన ఇంకా పోలేదు. మిత్రుని ఇంటినుండి వేరొక పవర్ సప్లై తెచ్చి తగిలించి చూచినా ఫలితం లేకపోయింది. చెడిపోయినది మదర్‌బోర్డు అని తేలింది.

కంప్యూటరు పాతదే, పోయినందుకు పెద్దగా విచారం లేదు. నా విచారమంతా అందులోని డిస్కును గురించి. 1994లో మా అమ్మ తెనాలినుండి అమెరికాకు వస్తున్న బంధువుల చేతికిచ్చి రెండు కాసెట్లు పంపింది. అప్పటికే ఆమెకు చూపు మందగించి ఉత్తరాలు వ్రాయలేకపోయేది. అందుచేత వ్రాయదలచినదంతా టేప్ రికార్డరు ముందు కూర్చుండి చెప్పింది. ఊరి సంగతులు, పంటల సంగతులు, మధ్యమధ్య "వింటున్నావా నాయనా" అనే ప్రశ్న. ఆమె పోయిన తరువాత ఆ కాసెట్లలోని మాటలను నేను కంప్యూటరులోకి ఎక్కించాను. ఆ పిదప ఒక వానకాలంలో మా బేస్‌మెంటులోకి నీరు వచ్చి కాసెట్లు రెండూ పాడైనాయి. ఇక ఆ గొంతు మిగిలినది ఆ డిస్కులో మాత్రమే. వేరొక ప్రతి తీసి ఉంచుకొనకపోవడం ముమ్మాటికీ నా తప్పే.

దుకాణానికి తీసుకొనిపోదామని నేను అనుకొంటూ ఉండగా, హైస్కూలులో చదువుతున్న మా అమ్మాయి, "దుకాణం ఎందుకు నాన్నా, కొత్త బోర్డు తెచ్చి మనమే పెడదాం" అన్నది. ఆ రెండు వారాంతాలలో మేమిద్దరం నేర్చుకొన్న విషయాలనే ఇక్కడ క్రమంగా వివరిస్తాను. ఇంజినీరింగు చదువనివారు సైతం ఓపిక, ఒక స్క్రూడ్రైవరు ఉన్న యెడల ఈ పని చేసుకొనగలరని నా నమ్మకం.

మదర్‌బోర్డు అనగా ఏమి?

ప్రోసెసరు, జ్ఞాపకశక్తిని సమకూర్చే మెమరీ, డిస్కు, తెర, కీబోర్డు ఇవన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకొనడానికి ఆధారమైన పలకయే మదర్‌బోర్డు. దీనికి తగిలించే చిన్న పలకలను ఇంగ్లీషులో కూతురు పలకలు అనే అర్థం వచ్చే మాటతో పిలిచేవారు. వాటికి ఆధారమైనది గనుక ఇది తల్లి. తెలుగులో తల్లిపలక అనుకొనడంలో తప్పు లేదు. పైకి పచ్చగానో నల్లగానో ఒకే పలకవలె కనిపించినా ఇది అనేక పొరల అతుకు. ప్రతి పొరలోను వెంట్రుకలంత సన్నని రాగి దారులు ఉంటాయి. కొన్ని విద్యుత్తును పంచుతాయి, తక్కినవి సంకేతాలను మోస్తాయి.

1981 ఆగస్టులో ఐబీఎం సంస్థ విడుదల చేసిన పర్సనల్ కంప్యూటరులోని పలకపై ఇతర కార్డులు గుచ్చడానికి అయిదు గాడులు ఉండేవి. అందులోని ప్రోసెసరు ఇంటెల్ 8088. మెమరీ ఎంత ఉన్నదో, తెర ఎటువంటిదో ఆ పలకకు తెలియజేయాలంటే దానిమీద ఉన్న బుల్లి మీటలను పెన్ను మొనతో పైకో క్రిందికో జరుపవలసి వచ్చేది. ఆనాటి విన్యాసమంతా ఆ మీటలలోనే ఉండేది. ఈనాడు ఆ పనిని పలకలోనే నిక్షిప్తమైన ఒక ప్రోగ్రాము చేస్తుంది. దాని సంగతి తరువాత చూద్దాం.

1995లో ఇంటెల్ సంస్థ ఏటీఎక్స్ అనే కొలమానాన్ని ప్రవేశపెట్టింది. పలక పొడవు 305 మిల్లీమీటర్లు, వెడల్పు 244 మిల్లీమీటర్లు. స్క్రూల రంధ్రాలు ఎక్కడ ఉండాలి, వెనుక తీగలు తగిలించే భాగం ఎక్కడ ఉండాలి అన్నది అందులో నిర్ణయమైపోయింది. అందుచేతనే ఒక సంస్థ తయారు చేసిన పలక వేరొక సంస్థ తయారు చేసిన పెట్టెలో ఇప్పటికీ చక్కగా ఇముడుతుంది. మైక్రో ఏటీఎక్స్ పలక నాలుగు వైపులా 244 మిల్లీమీటర్లు. మినీ ఐటీఎక్స్ పలక 170 మిల్లీమీటర్లు.

పొంతన చూడడం

పెండ్లి సంబంధానికి జాతకాలు చూచినట్లు, కొనడానికి ముందే నాలుగు పొంతనలు చూచుకొనాలి.

మొదటిది ప్రోసెసరు కూర్చునే సాకెట్. ఒక సాకెట్‌కు చేసిన ప్రోసెసరు మరొక సాకెట్‌లో ఇమడదు. ఇంటెల్ సంస్థ 2021లో తెచ్చిన సాకెట్‌లో 1700 స్పర్శబిందువులు ఉన్నాయి. ఏఎండీ సంస్థ 2022లో తెచ్చిన ఏఎం5 అనే సాకెట్‌లో 1718 ఉన్నాయి. మేము ఈ రెండవదానిని ఎంచుకొన్నాము. సాకెట్ సరిపోయినంత మాత్రాన చాలదు. ఫలానా ప్రోసెసరును ఆ పలక గుర్తించునా అన్నది తయారీదారు ప్రకటించిన జాబితాలో సరిచూచుకొనాలి.

రెండవది మెమరీ. డీడీఆర్4, డీడీఆర్5 అని రెండు తరాలున్నాయి. వీటి అంచులోని గాటు వేర్వేరు చోట్ల ఉంటుంది గనుక ఒకటి మరొకదాని గాడిలో దిగదు. ఏఎం5 పలకలకు డీడీఆర్5 మాత్రమే పనికివస్తుంది. మూడవది పెట్టె పరిమాణం. నాలుగవది పవర్ సప్లై శక్తి, దానినుండి వచ్చే తీగల అమరిక.

మంచుకాలపు విద్యుత్తు

పని ప్రారంభించే ముందు ఒక శత్రువును గురించి చెప్పాలి. ఈ దేశంలో శీతకాలంలో హీటర్ల వలన ఇంటిలోని గాలి బాగా ఎండిపోతుంది. తివాచీ మీద నడచి వచ్చి తలుపు పిడి పట్టుకొంటే చురుక్కుమనడం మనందరికీ అనుభవమే. ఆ చురుకు మన చేతికి తెలియాలంటే సుమారు 3000 వోల్టులైనా ఉండాలి. అంతకంటె ఎంతో తక్కువ వోల్టేజి, అంటే మనకు తెలియను కూడా తెలియనంత తాకిడి, సూక్ష్మమైన చిప్పులను దెబ్బతీయగలదు. కరెంటు స్వల్పమైనదే గనుక మనిషికి హాని లేదు. కాని చిప్పులోపలి పొరలు అతి పలుచనివి గనుక అవి చిల్లుపడిపోతాయి.

అందుచేత తివాచీ లేని చోట, చెక్కబల్ల మీద పని చేయాలి. ఉన్ని స్వెట్టరు విడిచిపెట్టాలి. ఏ భాగాన్ని ముట్టుకొనే ముందైనా పెట్టెలోని రంగు వేయని ఇనుపభాగాన్ని ఒకసారి తాకాలి. మణికట్టుకు కట్టుకొని పెట్టెకు తగిలించుకొనే పట్టీ దొరుకుతుంది. అది ఉంటే మరీ మంచిది. మా అమ్మాయి వంటింటి బల్ల మీద మదర్‌బోర్డు వచ్చిన అట్టపెట్టెనే పీటగా వేసి, దానిమీద బోర్డును పెట్టింది. నేను మా వంటింటిలో అంతకుముందెన్నడూ అంత శ్రద్ధగా చేతులు కడుగుకొని ఎరుగను.

ప్రోసెసరు, మెమరీ

పెట్టెలో బిగించడానికి ముందే ప్రోసెసరును, మెమరీని, కూలరును బోర్డుకు అమర్చుకొనడం సులభం. ఇరుకైన పెట్టెలో చేతులు ఆడవు.

పూర్వం ప్రోసెసరు అడుగున సూదులుండి సాకెట్‌లో రంధ్రాలుండేవి. ఇంటెల్ 2004లో తన డెస్క్‌టాప్ ప్రోసెసర్లలో ఈ పద్ధతిని తిరగవేసింది; ఏఎండీ 2022లో అదే దారి పట్టింది. ఇప్పుడు సూదుల వంటి సన్నని స్ప్రింగులు సాకెట్‌లోనే ఉంటాయి. ప్రోసెసరు అడుగున బంగారు పూతగల చదునైన చుక్కలుంటాయి. కాబట్టి సాకెట్‌లోనికి వేలు గాని, గుడ్డ గాని, స్క్రూడ్రైవరు గాని పోనీయరాదు. ఒక్క స్ప్రింగు వంగినా బోర్డు పనికిరాకుండా పోవచ్చు.

సాకెట్ ప్రక్కనున్న మీటను విడిపించి చట్రాన్ని పైకెత్తాలి. ప్రోసెసరు ఒక మూలన చిన్న త్రికోణం ముద్రించి ఉంటుంది. బోర్డు మీద అటువంటి గుర్తే ఉంటుంది. ఆ రెండూ ఒకే మూలకు వచ్చేటట్లు, ప్రోసెసరును అంచులతో పట్టుకొని, పైనుండి నిలువుగా దించి వదలాలి. నొక్కవలసిన పని లేదు. దాని బరువుకు అదే కూర్చుంటుంది. పిదప చట్రం మూసి మీటను దింపాలి. మీట దింపేటప్పుడు కొంచెం బలం కావాలి. కిర్రుమని చప్పుడు కూడా వస్తుంది. అప్పుడు నాకు గుండె ఆగినంత పనైంది. అయితే వెయ్యికి పైగా స్ప్రింగులను ఒకేసారి అణచాలంటే ఆ మాత్రం బలం తప్పదు. చట్రం మీదనున్న ప్లాస్టిక్ మూత ఆ ఒత్తిడికి ఊడివస్తుంది. దానిని పారవేయక దాచుకొనాలి. రేపు బోర్డును తిరిగి పంపవలసివస్తే సాకెట్‌కు అదే రక్షణ.

మెమరీ గాడులు సాధారణంగా నాలుగు ఉంటాయి. రెండు పలకలు మాత్రమే ఉన్నప్పుడు, ఎక్కువ బోర్డులలో, ప్రోసెసరు వైపునుండి లెక్కించి రెండవ గాడిలో ఒకటి, నాలుగవ గాడిలో ఒకటి ఉంచాలి. అలా చేసినప్పుడే రెండు మార్గాలలోను ఏకకాలంలో సమాచారం నడుస్తుంది. రెండింటినీ ఒకే మార్గానికి చెందిన గాడులలో పెడితే కంప్యూటరు పని చేస్తుంది గాని, రెండు వరుసల రహదారిలో ఒక వరుసను మూసివేసినట్లే. గాటు సరిచూచుకొని, రెండు కొసలను టక్కుమని చప్పుడు వచ్చేవరకు సమంగా నొక్కాలి. సగం దిగిన మెమరీయే మొదటిసారి తెర వెలగకపోవడానికి తరచు కారణమవుతుంది.

చల్లదనం

చాలావరకు ఏఎం5 ప్రోసెసర్ల నిర్దేశిత ఉష్ణశక్తి తరగతినిబట్టి 65 నుండి 170 వాట్ల దాకా ఉంటుంది. పాతకాలపు 100 వాట్ల బల్బు మీద చేయి పెట్టినవారికి ఆ వేడి ఎంతటిదో తెలుసు. ఆ వేడినంతా అగ్గిపెట్టె కంటె చిన్నదైన వైశాల్యం నుండి లాగి గాలిలో కలపడమే కూలరు పని.

ప్రోసెసరు మూత, కూలరు అడుగు రెండూ నునుపుగా కనిపించినా వాటి మధ్య కంటికి కనబడని గుంటలుంటాయి. ఆ గుంటలలోని గాలి వేడిని నిరోధిస్తుంది. గాలిని తరిమి ఆ చోటును నింపడానికే థర్మల్ పేస్టు. బఠాణీ గింజంత నడుమ పెడితే చాలు. కూలరును బిగించినప్పుడు అదే పరచుకొంటుంది. ఎక్కువ పెడితే ఎక్కువ చల్లదనం రాదు, పొంగి బయటకు కారుతుంది. కూలరు అడుగున రక్షణకై అంటించిన పలుచని ప్లాస్టిక్ పొరను ముందుగా ఒలిచివేయడం మరువరాదు. స్క్రూలను ఒకేసారి పూర్తిగా బిగించక, ఎదురెదురు మూలలవి కొద్దికొద్దిగా, కారు చక్రపు నట్లు బిగించినట్లు, వంతులవారీగా బిగించాలి. కూలరు ఫ్యాను తీగను బోర్డు మీద ప్రోసెసరు ఫ్యాను అని గుర్తు వేసియున్న చోటనే తగిలించాలి. అక్కడ ఫ్యాను తిరుగుతున్న జాడ లేకపోతే చాలా బోర్డులు హెచ్చరించి ఆగిపోతాయి.

కొత్త డిస్కు ఎం.2 అనే తరహాది. చూయింగ్ గమ్ బిళ్ళంత ఉంటుంది. దానిని ఏటవాలుగా గాడిలో దూర్చి, పైకి లేచిన కొసను క్రిందికి వంచి ఒక చిన్న స్క్రూతో బిగించాలి. కొన్ని బోర్డులలో ఒక ఎం.2 గాడిని వాడితే పాతరకపు సాటా డిస్కులు తగిలించే చోట్లు ఒకటి రెండు పనిచేయడం మానుతాయి. ఏది దేనిని మాన్పిస్తుందో బోర్డుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. మా పాత డిస్కు సాటా తరగతిది గనుక ఈ విషయం మాకు ముఖ్యమైంది.

పెట్టెలో బిగింపు

పెట్టె గోడకు ఇత్తడితో చేసిన పొట్టి కాళ్ళు బిగించి ఉంటాయి. బోర్డు వాటిమీద నిలబడుతుంది. బోర్డు వెనుక వేలకొద్దీ టంకపు చుక్కలున్నాయి; అవి పెట్టె ఇనుమును తాకితే షార్టు సర్క్యూటు ఖాయం. కాళ్ళు లేనిచోట పెట్టకపోవడం ఎంత ముఖ్యమో, బోర్డులో రంధ్రం లేనిచోట అదనపు కాలును ఉంచకపోవడం కూడ అంతే ముఖ్యం. రంధ్రాలన్నీ లెక్కించి కాళ్ళన్నీ లెక్కించి రెండు లెక్కలూ కుదిరిన తరువాతనే బోర్డును దించాలి.

విద్యుత్తు తీగలు రెండు ముఖ్యమైనవి. 24 సూదులుగల పెద్దది బోర్డు అంచున. 8 సూదులుగల చిన్నది ప్రోసెసరుకు సమీపంలో పై మూలన. పెద్దది బోర్డుకంతటికీ 12, 5, 3.3 వోల్టులు అందిస్తుంది. చిన్నది ప్రోసెసరుకు మాత్రమే 12 వోల్టులు అందిస్తుంది. ప్రక్కనే ఉన్న భాగాలు దానిని సుమారు ఒక వోల్టుకు తగ్గించి ప్రోసెసరుకు ఇస్తాయి.

ఇక పెట్టె ముందుభాగంనుండి వచ్చే సన్నని తీగలు: మీటది, రీసెట్‌ది, రెండు దీపాలవి. మీటల తీగలను ఎటు త్రిప్పి పెట్టినా ఒకటే. దీపాలకు మాత్రం ధన ఋణ చిహ్నాలు చూడాలి. ఇక్కడ ఒక విశేషం ఉంది. 1995కు పూర్వపు కంప్యూటర్లలో మీట గోడనుండి వచ్చే కరెంటును నేరుగా తెంచేది. ఏటీఎక్స్ వచ్చిన తరువాత మీట కేవలం ఒక విన్నపం మాత్రమే. అది బోర్డుకు తెలుపుతుంది, బోర్డు పవర్ సప్లైని మేలుకొలుపుతుంది. అంటే కంప్యూటరు ఆరిపోయి ఉన్నప్పుడు కూడ బోర్డులో 5 వోల్టుల విద్యుత్తు కాపలా కాస్తూనే ఉంటుంది. కనుక పెట్టె మూత తీసినప్పుడు గోడనుండి తీగను పీకివేయడం తప్పనిసరి.

మొదటి వెలుగు

ఆదివారం రాత్రి తొమ్మిది గంటలకు మీట నొక్కాము. ఫ్యానులు తిరిగాయి, తెర మాత్రం నల్లగానే ఉంది. నేను వెంటనే బోర్డు పాడైనదని తీర్మానించి, దానిని తిరిగి పంపడానికి రసీదు వెదకడం మొదలుపెట్టాను. అమ్మాయి మాత్రం టార్చిలైటు వేసి బోర్డు అంచును పరిశీలించింది. అక్కడ ప్రోసెసరు, మెమరీ, తెర, డిస్కు అనే నాలుగింటికి నాలుగు చిన్న దీపాలున్నాయి. కంప్యూటరు మేలుకొనగానే తన్ను తాను పరీక్షించుకొంటుంది. పరీక్ష ఎక్కడ ఆగిందో అక్కడి దీపం వెలిగి ఉంటుంది. వెలిగినది ప్రోసెసరు దీపం. ఆమె తీగలన్నిటినీ వ్రేలితో తడుముతూ పోయి, "నాన్నా, ఎనిమిది సూదులది పెట్టనే లేదు" అన్నది. పెద్ద కూలరు చాటున ఉన్న ఆ చోటును నేను మరచిపోయాను. ఫ్యానులకు కరెంటు అందింది, ప్రోసెసరుకు అందలేదు.

తీగ తగిలించి మళ్ళీ మీట నొక్కాము. ఈసారి మెమరీ దీపం వెలిగింది. తెర మళ్ళీ నలుపే. ఒక నిమిషమైంది, రెండు నిమిషాలైనాయి. నా చేయి మీట వైపు పోయింది. అమ్మాయి నా చేయి పట్టుకొని ఆపి, బోర్డు పుస్తకంలో ఒక వాక్యం చూపింది. డీడీఆర్5 మెమరీని మొదటిసారి కలిపినప్పుడు, ఒక్కొక్క దారిలో సంకేతం ఎంత ఆలస్యంగా వస్తున్నదో కొలిచి బోర్డు తన కాలమానాన్ని సరిదిద్దుకొంటుంది. దీనికి కొన్ని నిమిషాలు పడుతుంది. మధ్యలో ఆపితే మళ్ళీ మొదటికి వస్తుంది. నిదానమే ప్రధానం అని చిన్నప్పుడు మా పెద్దలు నాకు చెప్పిన మాటను నా కూతురు నాకు ఇంగ్లీషులో చెప్పింది. నాలుగవ నిమిషం గడిచాక తెర వెలిగింది.

విన్యాసం

తెర మీద మొదట కనిపించేది బోర్డులో నిక్షిప్తమైన ప్రోగ్రాము. దీనిని వాడుకలో బయోస్ అంటారు. 1970లలో సీపీఎం అనే వ్యవస్థను నిర్మించిన గేరీ కిల్డాల్ పెట్టిన పేరది. ఇప్పటి బోర్డులలో ఉండేది దాని తరువాతి తరానికి చెందిన యూఈఎఫ్ఐ. పాత పద్ధతిలో డిస్కు పట్టికకు 2 టెరాబైట్ల హద్దు ఉండేది. కొత్త పద్ధతికి ఆ హద్దు లేదు. అయితే పాత పద్ధతిలో విభజించిన డిస్కులోని వ్యవస్థ కొత్త పద్ధతి బోర్డులో నేరుగా మేలుకొనదు. పాత డిస్కును తెచ్చి తగిలిస్తే కంప్యూటరు ఏమీ ఎరుగనట్లు ఉండడానికి ఇదొక ముఖ్య కారణం.

ఇందులో చేయవలసిన పనులు ఇవి. మొదట తేదీ, సమయం సరిచేయాలి. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది బోర్డు మీది బొత్తాము బ్యాటరీ. దాని పేరు సీఆర్2032. 20 అంటే వ్యాసం 20 మిల్లీమీటర్లు, 32 అంటే మందం 3.2 మిల్లీమీటర్లు. కంప్యూటరు ప్రతిసారీ పాత తేదీ చూపుతూ ఉంటే ఆ చిన్న బ్యాటరీ అయిపోయిందని అర్థం.

రెండవది, బయోస్‌కు తయారీదారు విడుదల చేసిన కొత్త ప్రతి ఉంటే ఎక్కించాలి. ఎక్కిస్తున్నంతసేపు కరెంటు పోకూడదు. మంచుతుఫాను రోజున ఈ పని పెట్టుకొనరాదు.

మూడవది మెమరీ వేగం. అట్టపెట్టె మీద 6000 అని వ్రాసిన మెమరీ మొదట 4800 వంటి సాధారణ వేగంతోనే నడుస్తుంది. వ్రాసిన వేగం కావాలంటే ఎక్స్‌పో లేక ఎక్స్ఎంపీ అనే అమరికను మనమే ఎంచుకొనాలి. దానితో కంప్యూటరు నిలకడ తప్పితే వెనుకకు వచ్చి సాధారణ వేగంతోనే వాడుకొనడం మేలు. అమరికలు తారుమారై తెరే వెలగకపోతే, బోర్డు పుస్తకంలో చెప్పిన రెండు సూదులను కొన్ని సెకన్లు కలిపితే అన్నీ యథాస్థితికి వస్తాయి.

నాలుగవది సెక్యూర్ బూట్, టీపీఎం. 2021 అక్టోబరులో విడుదలైన విండోస్ 11కు ఇవి అవసరం. టీపీఎం అంటే రహస్యాలను దాచే పెట్టె. ఈనాటి కంప్యూటర్లలో చాలావరకు ప్రోసెసరులోనే ఉంటుంది. విండోస్ 10కు సాధారణ భద్రతా సహాయం 2025 అక్టోబరు 14తో ముగిసింది గనుక ఇప్పటికీ పాత వ్యవస్థతో ఉన్నవారు దీనిని గమనించాలి.

నలభై యెనిమిది అంకెలు

కొత్త డిస్కు మీద విండోస్ ఎక్కించి, పాత డిస్కును రెండవదిగా తగిలించాము. డిస్కు కనిపించింది, కాని తెరుచుకొనలేదు. 48 అంకెల తాళపుసంఖ్యను అడిగింది. కొన్నేళ్ళ క్రిందట మా వీధిలో దొంగతనం జరిగినప్పుడు, కంప్యూటరు ఎత్తుకొనిపోయినా లోపలిది చదువలేకుండా ఉండాలని నేనే ఆ డిస్కును బిట్‌లాకర్‌తో తాళం వేశాను. ఆ తాళపుచెవి పాత కంప్యూటరు టీపీఎంలో ఉండి ప్రతిదినం దానంతట అదే తెరిచేది. తాళం ఉన్నదన్న సంగతే నేను మరచిపోయాను. ఆ కంప్యూటరు పోవడంతో తెరిచేవారు లేరు. 48 అంకెలను ఊహించి కనుగొనడం మానవసాధ్యం కాదు. దొంగకోసం వేసిన తాళం యజమానినే గడప బయట నిలబెట్టింది.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. మరునాడు విషయం విన్న మా శ్రీమతి, "అంకెలున్న కాగితం ఒకటి ముఖ్యమైనదని మీరే ఇచ్చారు గదండీ, పూజగదిలో పాత పంచాంగంలో పెట్టాను" అన్నది. తాళం వేసిన రోజున కంప్యూటరు అచ్చువేయమన్న కాగితం అది. అమ్మాయి చదువుతూ ఉంటే నేను ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది వరుసలు కొట్టాను. డిస్కు తెరుచుకొన్నది.

కాబట్టి మదర్‌బోర్డు మార్చదలచినవారు, పాత కంప్యూటరు బ్రతికి ఉండగానే మూడు పనులు చేయాలి. డిస్కుకు తాళం ఉన్నదో లేదో చూచి, ఉంటే ఆ సంఖ్యను కాగితం మీద వ్రాసి ఇంటిలోని మరొకరికి చెప్పి ఉంచాలి. కొందరికి అది వారి మైక్రోసాఫ్ట్ ఖాతాలో దొరుకుతుంది. ముఖ్యమైనవాటికి కనీసం రెండు ప్రతులు తీసి, ఒకటి వేరొక ఇంటిలో ఉంచాలి. విండోస్ లైసెన్సు మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది గనుక, దానిని తమ ఖాతాకు జతచేసుకొనాలి. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని లాభం లేదు.

స్వదేశానికి కంప్యూటరును తీసుకొనిపోయేవారికి ఒక మాట. ఇక్కడ గోడ కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జులు. అక్కడ 230 వోల్టులు, 50 హెర్ట్జులు. ఇటీవలి పవర్ సప్లైలు చాలావరకు రెండింటినీ తమంత తామే గుర్తిస్తాయి. కాని పాతవాటి వెనుక ఒక ఎర్రని మీట ఉంటుంది. దానిని 115 వద్దనే ఉంచి మన ఇంట తగిలిస్తే పెద్ద చప్పుడుతో పవర్ సప్లై పోతుంది. పైనున్న చీటీ మీద 100 నుండి 240 వోల్టులని ఉన్నదో లేదో చూచి మరీ తగిలించాలి.

డిస్కు తెరుచుకొన్న సాయంకాలం ముగ్గురం వంటింటి బల్ల చుట్టూ కూర్చుండి అమ్మ మాటలు విన్నాము. అమ్మాయి పుట్టకముందే పోయిన నాయనమ్మ గొంతును అది ఒక్కసారైనా పూర్తిగా వినలేదు. నాయనమ్మ చెప్పిన వాటిలో కొన్ని మాటలు దానికి తెలియలేదు. కుప్పనూర్పిడి అంటే ఏమిటని, వాకిట్లో కళ్ళాపి అంటే ఏమిటని ఆపి ఆపి అడిగింది. నేను వివరించాను. "వింటున్నావా నాయనా" అని అమ్మ అడిగినప్పుడు ఎవ్వరం మాట్లాడలేదు. వినడం అయిన తరువాత అమ్మాయి మరేమీ చెప్పకుండా ఆ ఫైళ్ళకు మూడు ప్రతులు తీసి, ఒకటి తన పెట్టెలో పెట్టుకొన్నది.